గ్రాఫీన్ ఫోటోడిటెక్టర్: 2000 ఆంపియర్/వాట్ వచ్చింది, ఇందులో గ్రాఫీన్ వాటా ఎంత?

#1 పలుచనిపొర

అమరిక ముందు చెప్పేస్తాను. రాగి రేకు మీద సీవీడీతో (వాయువుల నుంచి పొర పెంచే పద్ధతి) పెంచిన గ్రాఫీన్‌ని, 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న పీ-టైప్ సిలికాన్ (10 ఓమ్-సెం.మీ.) మీదకి మార్చి, 10 × 10 మైక్రాన్ల చానెల్ గీశాం. పైన లెడ్ సల్ఫైడ్ క్వాంటం డాట్లు (కాంతిని పీల్చే నానో స్ఫటికాలు), 940 నా.మీ. శోషణ శిఖరం ఉన్నవి, దాదాపు 80 నా.మీ. మందం. బయాస్ 0.1 వోల్ట్, డార్క్ కరెంట్ (చీకట్లో పారేది) 100 మైక్రో ఆంపియర్లు. బ్యాక్ గేట్ (అడుగు సిలికాన్‌కి ఇచ్చే వోల్టేజీ) సున్నా దగ్గర ఉంది.

532 నా.మీ. లేజర్, 1 మి.మీ. వ్యాసం మచ్చ, మొత్తం పవర్ 10 మైక్రో వాట్లు. లేజర్ వేసి 5 సెకన్లు ఆగి చదివితే కరెంట్ 2.5 మైక్రో ఆంపియర్లు పెరిగింది. చానెల్ మీద పడే వాటా 1.27 నానో వాట్లు కాబట్టి రెస్పాన్సివిటీ (పడిన ఒక్కో వాట్‌కి వచ్చే కరెంట్) సుమారు 2000 ఆంపియర్/వాట్. షాట్ నాయిస్ (చార్జ్ విడివిడి ఎలక్ట్రాన్లుగా పారడం వల్ల వచ్చేది) పెట్టి లెక్కిస్తే డిటెక్టివిటీ (నాయిస్ మధ్య ఎంత చిన్న కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 3.5 × 10¹¹ జోన్స్.

ఇబ్బంది ఎక్కడంటే, చాపర్ (కాంతిని ఆపుతూ వదిలే చక్రం) పెట్టి 13 హెర్ట్జ్‌లో కొలిస్తే లాకిన్ (ఆ ఒక్క పౌనఃపున్యంలోని సిగ్నల్‌నే చదివే ఆంప్లిఫయర్) 0.72 మైక్రో ఆంపియర్లే చూపిస్తోంది. అక్కడినుంచి 1 కిలోహెర్ట్జ్ దాకా దాదాపు అదే అంకె, కదలదు. లేజర్ ఆపేస్తే ముందు ఒక్కసారిగా పడి, మిగతాది 0.3 సెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో మెల్లగా దిగుతోంది. రెండు రకాల ప్రవర్తన ఎందుకు? ఈ 2000ని నమ్మొచ్చా?

#2 మౌనరేఖ

ముందు చిన్న దిద్దుబాటు. లాకిన్ చూపేది ప్రాథమిక పౌనఃపున్యం ఆర్‌ఎంఎస్ విలువ. చాపర్ ఇచ్చేది చదరపు తరంగం. అడుగు నుంచి శిఖరం దాకా ఉన్న కరెంట్‌లో 0.45 వంతు మాత్రమే లాకిన్‌లో కనిపిస్తుంది. అంటే 0.72 ÷ 0.45 = 1.6 మైక్రో ఆంపియర్లు. మీరు అనుకున్నంత పడిపోలేదు. 2.5లో 1.6 వేగంగా స్పందిస్తోంది, 0.9 నెమ్మది.

డిటెక్టివిటీ సంగతి వేరే పోస్టులో రాస్తాను, అది పెద్ద గొడవ.

#3 డిరాక్‌దారి

ఆ వేగంగా స్పందించే 1.6 డాట్లది కాదు, సిలికాన్‌దని నా అనుమానం. 10 ఓమ్-సెం.మీ. అనగానే గంట మోగింది.

తక్కువ డోపింగ్ ఉన్న సిలికాన్‌లో ఆక్సైడ్ కింద ఉపరితలంలో డిప్లీషన్ పొర (స్వేచ్ఛగా తిరిగే చార్జ్‌లు లేని పొర) ఉంటుంది. గేట్ సున్నా పెట్టినా ఆక్సైడ్‌లోని స్థిర చార్జ్ చాలు దాన్ని పుట్టించడానికి. 532 నా.మీ. కాంతి గ్రాఫీన్‌నీ డాట్లనీ దాటి సిలికాన్‌లోకి దిగుతుంది, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్-హోల్ జతలు (హోల్ అంటే ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఆ పొరని కుదించేస్తాయి, ఉపరితల పొటెన్షియల్ మారుతుంది. గ్రాఫీన్ వైపు నుంచి చూస్తే ఎవరో గేట్ నాబ్ కొద్దిగా తిప్పినట్టే.

లెక్క కూడా సరిపోతుంది. 300 నా.మీ. ఆక్సైడ్‌కి ప్రతి వోల్ట్‌కి చ.సెం.మీ.కి 7.2 × 10¹⁰ క్యారియర్లు మారతాయి. మీ చానెల్‌లో 2 × 10¹² ఉన్నాయనుకుందాం (మొబిలిటీ, అంటే క్యారియర్లు కదిలే సులువు, 3000 అయితే 1 కిలో ఓమ్‌కి ఇదే వస్తుంది). 1.6 శాతం మార్పు అంటే 3.2 × 10¹⁰, అంటే దాదాపు 0.45 వోల్ట్‌ల గేట్ మార్పు. సిలికాన్ ఉపరితల ఫోటో వోల్టేజీకి అది అసాధ్యమైన అంకె కాదు.

పైగా మీ లేజర్ మచ్చ 1 మి.మీ. చానెల్ మీద పడేది దాదాపు ఎనిమిది వేలలో ఒక వంతు. మిగతాదంతా చుట్టూ ఉన్న సిలికాన్ మీదే పడుతోంది, అక్కడ పుట్టిన క్యారియర్లు పాకి వస్తాయి. మీరేమో హారంలో 1.27 నానో వాట్లే వేశారు. అంకె పెద్దదిగా రాక ఏమవుతుంది!

#4 ఐఆర్‌కన్ను

తేల్చుకోవడం సులువే కదా. 1550 నా.మీ. లేజర్ వేయండి. సిలికాన్ 1100 దాటాక పీల్చదు. అప్పుడూ సిగ్నల్ వస్తే అది డాట్లదే.

#5 డిరాక్‌దారి

@ఐఆర్‌కన్ను గారూ, మామూలుగా మంచి సలహానే, ఇక్కడ పనికిరాదు. ఈ డాట్లు 940వి. 1550ని అవీ పీల్చవు. రెండూ సున్నా అవుతాయి, ఏమీ తేలదు. ఆ పరీక్ష 1550 దగ్గర శిఖరం ఉన్న పెద్ద డాట్లకి.

ఇక్కడ చేయాల్సినవి ఇవి. అదే చిప్ మీద డాట్లు వేయని చానెల్ ఒకటి ఉంచి, అదే మచ్చ కింద కొలవండి. లేకపోతే లేజర్‌ని ఆబ్జెక్టివ్‌తో 5 మైక్రాన్లకి కుదించి, చానెల్ నుంచి 50, 100, 200 మైక్రాన్లు పక్కకి జరపండి. గ్రాఫీన్‌ని వదిలేసినా సిగ్నల్ ఉంటే దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ లోహం మీదుగా జరిపేటప్పుడు చెదిరిన కాంతి చానెల్‌కి చేరొచ్చు, అందుకని లోహం లేని వైపుకే జరపాలి.

తర్వాతి బ్యాచ్‌కి 0.005 ఓమ్-సెం.మీ. కన్నా తక్కువ ఉన్న వేఫర్ తీసుకోండి. ఇంకా శుభ్రంగా కావాలంటే క్వార్ట్జ్ లేదా సఫైర్ మీద టాప్ గేట్.

ఒక మాట: సిలికాన్ ప్రభావం చెడ్డదేమీ కాదు. కావాలనే తక్కువ డోపింగ్ సిలికాన్ వాడి, దాన్నే గేట్‌గా మలిచి డిటెక్టర్లు చేసినవాళ్ళున్నారు, వేగం కూడా బాగుంటుంది. కానీ అప్పుడు పేపర్‌లో "క్వాంటం డాట్ డిటెక్టర్" అని రాయకూడదు.

#6 అంచుచూపు

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. గ్రాఫీన్ ఒక పొర 2.3 శాతం కాంతినే పీల్చుతుంది కదా. పడిన ప్రతి ఫోటాన్‌నీ పీల్చి, ఒక్కోదానికి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చిందనుకున్నా 532 నా.మీ. దగ్గర 0.43 ఆంపియర్/వాట్ దాటకూడదు. వేలు ఎలా వస్తాయి?

#7 డిరాక్‌దారి

పీల్చేది గ్రాఫీన్ కాదు, పైనున్న డాట్ల పొర. అక్కడ పుట్టిన హోల్ గ్రాఫీన్‌లోకి దిగుతుంది, ఎలక్ట్రాన్ డాట్‌లోనే చిక్కుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్ అక్కడున్నంత సేపూ చానెల్‌లో ఒక హోల్ అదనంగా తిరుగుతూనే ఉంటుంది. ఒకటి డ్రెయిన్‌లోకి పోతే సోర్స్ నుంచి ఇంకోటి వస్తుంది. గెయిన్ అంటే చిక్కుకున్న కాలాన్ని చానెల్ దాటే కాలంతో భాగించడమే.

ఈ అమరికకే వేద్దాం. దాటే కాలం = పొడవు వర్గం ÷ (మొబిలిటీ × వోల్టేజీ) = 10⁻⁶ ÷ 300 = 3.3 నానో సెకన్లు. చిక్కుకున్న కాలం 0.3 సెకన్లు. గెయిన్ 9 × 10⁷. బార్సిలోనాలోని ఐసీఎఫ్ఓ బృందం 2012లో ఇదే కూర్పుతో 10⁷ ఆంపియర్/వాట్, 10⁸ గెయిన్ చూపించింది ఈ లెక్కతోనే.

అందుకే @పలుచనిపొర గారి 2000 నాకు ఎక్కువగా కాదు, తక్కువగా కనిపిస్తోంది! కాంతి తీవ్రత 1.27 మిల్లీ వాట్/చ.సెం.మీ., అంటే చ.సెం.మీ.కి సెకనుకి 3.4 × 10¹⁵ ఫోటాన్లు. సగమే పీల్చుకున్నా, 0.3 సెకన్లు నిలిస్తే, 5 × 10¹⁴ చార్జ్‌లు పోగుపడాలి. సిలికాన్ వాటా తీసేస్తే మీ దగ్గర మారింది 1.8 × 10¹⁰ మాత్రమే. కారణం రెండింటిలో ఒకటి, లేదా రెండూ. ట్రాప్‌లన్నీ (ఎలక్ట్రాన్లు చిక్కుకునే చోట్లు) నిండిపోయి సిగ్నల్ ఎప్పుడో సాచురేట్ అయిపోయింది. లేదా డాట్ల నుంచి గ్రాఫీన్‌కి హోల్ చేరట్లేదు.

మొదటిదానికి పరీక్ష: న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు పేర్చి పవర్‌ని 10 మైక్రో వాట్ల నుంచి 10 పికో వాట్ల దాకా, ఆరు దశకాలు దించండి. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో వాలు 1 దగ్గరకి వచ్చే చోట ఉన్న రెస్పాన్సివిటీయే చెప్పుకోదగ్గది. వాలు 0.3, 0.4 ఉన్న చోట అంకెకి అర్థం లేదు, పవర్ తగ్గించిన కొద్దీ అది పెరుగుతూనే పోతుంది. ఫిల్టర్లని కొద్దిగా వాల్చి పెట్టండి, లేకపోతే వాటి మధ్య ప్రతిఫలనాలు లెక్క చెడగొడతాయి.

#8 చుక్కలవంట

హోల్ చేరకపోవడం గురించి నేను చెప్తాను. నూటికి తొంభై సార్లు తప్పు లిగాండ్ (డాట్ చుట్టూ ఉండే అణువుల తొడుగు) మార్పిడిలోనే ఉంటుంది. డాట్లు వచ్చేటప్పుడు ఒలేయిక్ ఆమ్లం తొడుక్కుని వస్తాయి. ఆ పొడవాటి గొలుసు ఊడకపోతే డాట్‌కీ డాట్‌కీ మధ్య దారి ఉండదు.

పనిచేసే వరస: టోలుయిన్‌లో 30 మి.గ్రా./మి.లీ. ద్రావణం, 2500 ఆర్‌పీఎం వద్ద 30 సెకన్లు స్పిన్. పొర ఆరాక ఎసిటోనైట్రైల్‌లో 2 శాతం ఇథేన్‌డైథయోల్ నాలుగైదు చుక్కలు వేసి, 30 సెకన్లు కదపకుండా ఆగి, స్పిన్ చేసి తీసేయాలి. తర్వాత ఉత్త ఎసిటోనైట్రైల్‌తో రెండుసార్లు, టోలుయిన్‌తో ఒకసారి కడగాలి. ఇది ఒక పొర. 80 నా.మీ.కి మూడు నాలుగు పొరలు పడతాయి. ఫ్యూమ్ హుడ్ బయట ఆ సీసా మూత తీయకండి, ఆ కంపు మూడు రోజులు పోదు.

ఎక్కడ చెడుతుంది? 80 నా.మీ. ఒకేసారి వేసేద్దామని గాఢమైన ద్రావణం వాడితే లిగాండ్ పోయాక పొర కుంచించుకుపోయి ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిస్తుంది. పైభాగమే మారి, గ్రాఫీన్‌ని తాకే అడుగు పొరలో ఒలేయిక్ ఆమ్లం అలాగే మిగిలిపోతుంది. మీకు కావాల్సిందేమో ఆ అడుగు పొర. మొదటి పొరని 10 మి.గ్రా./మి.లీ.తో పలచగా వేసి, దానికి థయోల్ రెండుసార్లు ఇవ్వండి.

చూసుకోవడానికి: పక్కన ఒక ఉత్త సిలికాన్ ముక్క మీద కూడా అవే పొరలు వేసి ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ శోషణ వర్ణపటం) తీయండి. 2850, 2920 సెం.మీ.⁻¹ దగ్గర కార్బన్-హైడ్రోజన్ శిఖరాలు బాగా పడిపోవాలి. అలాగే ఉంటే డివైస్ కొలవడం దండగ. ఇదంతా నైట్రోజన్ గ్లవ్ బాక్స్‌లోనే, గాలి తగిలితే డాట్లు ఆక్సీకరణం చెంది శిఖరం నీలం వైపు జరిగిపోతుంది.

#9 రాగిరేకు

@చుక్కలవంట చెప్పినవన్నీ సరిగ్గా చేసినా, గ్రాఫీన్ మీద పీఎంఎంఏ (గ్రాఫీన్‌ని మార్చేటప్పుడు ఆధారంగా వేసే ప్లాస్టిక్) జిడ్డు ఉంటే హోల్ దిగదు. ఒకటి రెండు నానోమీటర్ల జిడ్డు చాలు. ఎసిటోన్‌లో పది నిమిషాలు ముంచి తీస్తే పోదది. రాత్రంతా ఉంచి, తర్వాత ఆర్గాన్-హైడ్రోజన్‌లో 300 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు కాల్చాలి. అదీ లోహం వేయకముందే.

రాగిని కరిగించడానికి ఏం వాడారు? ఫెర్రిక్ క్లోరైడ్ అయితే ఇనుము అవశేషాలు మిగులుతాయి. 0.1 మోలార్ అమోనియం పర్‌సల్ఫేట్ మేలు. రేకు వెనక వైపు పెరిగిన గ్రాఫీన్‌ని ఆక్సిజన్ ప్లాస్మాతో ముందే తీసేయకపోతే అది ముక్కలై ముందు పొర కింద అతుక్కుంటుంది, అక్కడ రెండు పొరలు. రామన్ వర్ణపటంలో లోపాలని చూపే డీ శిఖరం 1350 సెం.మీ.⁻¹ దగ్గర దాదాపు కనిపించకూడదు. 2డీ శిఖరం జీ కన్నా కనీసం రెండింతలు ఉండి, వెడల్పు 30 సెం.మీ.⁻¹ లోపు ఉంటే ఒకే పొర. డాట్లు వేశాక రామన్ చూడటం కష్టం, ముందే చూసుకోండి.

#10 సందేహాలరావు

అందరికీ దండాలు. ఇన్ని పాట్లు పడి చేసినా 0.3 సెకన్లు. ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్ గది ఉష్ణోగ్రతలో 10¹² జోన్స్ దాటి, నానో సెకన్లలో పని చేస్తుంది. ఇక గ్రాఫీన్ ఎందుకండీ?

#11 తరంగమార్గం

మంచి ప్రశ్న. దానితో నేరుగా పోటీ పెడితే గ్రాఫీన్ ఓడుతుంది. ఆ డయోడ్ చేయలేని చోట్లు రెండున్నాయి.

ఒకటి, సిలికాన్ రీడౌట్ చిప్ మీద నేరుగా పరచగలగడం. ఆర్సెనైడ్ పొరని సిలికాన్ చిప్‌కి ఇండియం బంప్‌లతో పిక్సెల్ పిక్సెల్ అతికించాలి. గ్రాఫీన్, డాట్లు అయితే చిప్ మీదే పరిచేయొచ్చు. 2017లో ఐసీఎఫ్ఓ వాళ్ళు 388 × 288 పిక్సెళ్ళ ఇమేజ్ సెన్సార్ అలానే చేశారు, 300 నుంచి 2000 నా.మీ. దాకా ఒకే చిప్. ఫొటో తీయడానికి నానో సెకన్లు అక్కర్లేదు కదా.

రెండోది వేగం, అక్కడ డాట్లు ఉండవు. 2009లో ఐబీఎం వాళ్ళు 40 గిగాహెర్ట్జ్ దాకా స్పందన పడిపోకపోవడం చూపించారు, రెస్పాన్సివిటీ మాత్రం 0.5 మిల్లీ ఆంపియర్/వాట్. 2010లో ఒకవైపు పలాడియం, మరోవైపు టైటానియం కాంటాక్ట్‌లు వేళ్ళలా అల్లి 6.1కి తెచ్చి, సెకనుకి 10 గిగాబిట్లు తప్పు లేకుండా అందుకున్నారు. 2013లో మూడు బృందాలు గ్రాఫీన్‌ని సిలికాన్ వేవ్‌గైడ్ మీద పరిచాయి. ఇదే అసలు మలుపని నా అభిప్రాయం. కాంతి పొరని నిలువుగా దాటితే 2.3 శాతం, పొర వెంబడి పరిగెడితే మైక్రాన్‌కి 0.1 డెసిబెల్ వరకు పీల్చుకుంటుంది. 50 మైక్రాన్లకి 5 డెసిబెల్, మూడింట రెండొంతులు పైనే. 2023లో ఈటీహెచ్ జ్యూరిక్ నుంచి మెటామెటీరియల్ డిటెక్టర్ 500 గిగాహెర్ట్జ్ దాటింది.

వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఫోటో-థర్మోఎలక్ట్రిక్ ప్రభావం. కాంతి పడ్డ ఎలక్ట్రాన్లు 50 ఫెమ్టో సెకన్లలోపే తమలో తాము వేడి పంచేసుకుంటాయి. లాటిస్‌కి ఆ వేడి దిగడానికి పికో సెకన్లు పడుతుంది. ఆ మధ్యలో ఎలక్ట్రాన్లు మాత్రమే వేడిగా, లాటిస్ చల్లగా ఉంటుంది. వేవ్‌గైడ్‌కి పైన రెండు ముక్కల గేట్ పెట్టి ఒకవైపు పీ, మరోవైపు ఎన్ చేస్తే సీబెక్ గుణకాల (వేడి తేడాకి ఎంత వోల్టేజీ వస్తుందో చెప్పేవి) తేడా వోల్టేజీ ఇస్తుంది. బయాస్ సున్నా, కాబట్టి డార్క్ కరెంట్ కూడా సున్నా.

మీ సిగ్నల్ థర్మోఎలక్ట్రిక్‌దా, మామూలు ఫోటోవోల్టాయిక్‌దా తేల్చాలంటే రెండు గేట్లనీ తిప్పుతూ మ్యాప్ తీయండి. ఫోటోవోల్టాయిక్ అయితే ప్లస్, మైనస్ రెండే ప్రాంతాలు. గుర్తు ఆరుసార్లు మారి ఆరు రేకుల పువ్వులా వస్తే థర్మోఎలక్ట్రిక్. గేట్ల మధ్య సందు పెద్దదైతే, లేక డోపింగ్ గడబిడగా ఉంటే రేకులు కలిసిపోయి నాలుగే కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

#12 మౌనరేఖ

@తరంగమార్గం గారి డార్క్ కరెంట్ సున్నా నిజమే, నాయిస్ సున్నా కాదు. 1 కిలో ఓమ్ చానెల్‌కి జాన్సన్ నాయిస్ (వేడి వల్ల ఏ రెసిస్టర్‌లోనైనా ఉండేది) 4 నానో వోల్ట్/√హెర్ట్జ్. ఇలాంటి డివైస్‌లలో బాగా చేసినదానికి రెస్పాన్సివిటీ 12 వోల్ట్/వాట్. భాగిస్తే 0.34 నానో వాట్/√హెర్ట్జ్. 40 గిగాహెర్ట్జ్ వెడల్పుకి √ వేస్తే 2 లక్షలు, అంటే సిగ్నల్, నాయిస్ సమానం కావడానికే 68 మైక్రో వాట్లు కావాలి. అంటే దాదాపు మైనస్ 12 డీబీఎం. అదే సిలికాన్ మీద పెంచిన జెర్మేనియం డయోడ్ 1 ఆంపియర్/వాట్ దగ్గర ఉంటుంది. 100 గిగాహెర్ట్జ్‌కి చాలా పైన మాత్రమే గ్రాఫీన్ బలం తెలుస్తుంది.

#13 తరంగమార్గం

ఒప్పుకుంటాను. పైగా 1 కిలో ఓమ్‌ని 50 ఓమ్‌ల లైన్‌కి కలిపితే వోల్టేజీలో ఎక్కువ భాగం చానెల్‌లోనే పోతుంది. పక్కనే ట్రాన్స్‌ఇంపీడెన్స్ ఆంప్లిఫయర్ ఉండాల్సిందే.

#14 పలుచనిపొర

కొలిచాను. డాట్లు లేని చానెల్‌లో, అదే మచ్చ కింద 1.5 మైక్రో ఆంపియర్లు, వేగంగానే. లేజర్‌ని కుదించి 100 మైక్రాన్లు పక్కకి జరిపినా సిగ్నల్ ఉంది. సిలికాన్ అని తేలిపోయింది. రాగికి వాడింది ఫెర్రిక్ క్లోరైడే, అది కూడా మారుస్తాం. @మౌనరేఖ గారూ, డిటెక్టివిటీ సంగతి చెప్తానన్నారు.

#15 మౌనరేఖ

ముందు నాయిస్ కొలిచే పద్ధతి. బయాస్‌ని బ్యాటరీ నుంచి ఇవ్వండి, సోర్స్‌మీటర్ నుంచి కాదు. చీకటి పెట్టె తప్పనిసరి. ప్రీఆంప్ గెయిన్ 10⁴ వోల్ట్/ఆంపియర్ దాటనివ్వకండి: 100 మైక్రో ఆంపియర్ల డార్క్ కరెంట్‌కి అదే 1 వోల్ట్ ఇస్తుంది, 10⁶ పెడితే 10 మైక్రో ఆంపియర్ల దగ్గరే తల బాదుకుని ఆగిపోతుంది. గీత చదునుగా కనబడి నాయిస్ లేదనిపిస్తుంది, ఆ మాయలో పడొద్దు. డివైస్ బదులు 1 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టి ఒకసారి, బయాస్ సున్నాతో డివైస్‌కి ఒకసారి, బయాస్‌తో ఒకసారి తీయండి. రెసిస్టర్‌కి 4 పికో ఆంపియర్/√హెర్ట్జ్ చుట్టుపక్కల వస్తేనే అమరిక సరి.

షాట్ నాయిస్ సూత్రం 100 మైక్రో ఆంపియర్లకి 5.7 పికో ఆంపియర్/√హెర్ట్జ్ ఇస్తుంది. మీరు వాడింది అదే. కానీ 10 మైక్రాన్ల చానెల్ అడ్డుగోడ లేని ఉత్త రెసిస్టర్, షాట్ నాయిస్ సూత్రం దానికి వర్తించదు. అక్కడ రాజ్యం 1/ఎఫ్ నాయిస్‌ది, పౌనఃపున్యం తగ్గిన కొద్దీ పెరిగేది. ఈ సైజు సీవీడీ గ్రాఫీన్‌లో 10 హెర్ట్జ్ దగ్గర, కరెంట్ వర్గంతో భాగించిన నాయిస్ 10⁻¹⁰ ప్రతి హెర్ట్జ్‌కి ఉందనుకుంటే 1 నానో ఆంపియర్/√హెర్ట్జ్. మీ అంకెకి 180 రెట్లు.

#16 పలుచనిపొర

ఆ పద్ధతిలోనే తీస్తే 13 హెర్ట్జ్‌లో 0.9 నానో ఆంపియర్/√హెర్ట్జ్. రెసిస్టర్‌కి 4.3 పికో.

#17 మౌనరేఖ

సరే, డాట్ల వాటా మాత్రమే తీసుకుందాం. 0.9 మైక్రో ÷ 1.27 నానో = 709 ఆంపియర్/వాట్, అది నిలకడ కాంతికి. 0.3 సెకన్ల కాలానికి 13 హెర్ట్జ్‌లో అది 24.5 రెట్లు తగ్గి 29 అవుతుంది. వైశాల్యం వర్గమూలం 10⁻³ సెం.మీ. డిటెక్టివిటీ = 29 × 10⁻³ ÷ 0.9 × 10⁻⁹ = 3.2 × 10⁷ జోన్స్. మొదట రాసినదానికి పది వేల రెట్లు తక్కువ. ఒకే పౌనఃపున్యంలో కొలిచిన రెస్పాన్సివిటీనీ, నాయిస్‌నీ భాగించాలి. నిలకడ కాంతి అంకెని పైనా, కిలోహెర్ట్జ్ నాయిస్‌ని కిందా వేసే పేపర్లు లేకపోలేదు. పవర్ సాచురేషన్ దాటి కిందకి దించాక ఈ 709 పెరుగుతుంది, నిరాశ పడకండి.

#18 పలుచనిపొర

బయాస్‌ని 0.02కి దించితే నాయిస్ తగ్గుతుంది కదా?

#19 మౌనరేఖ

తగ్గుతుంది, సిగ్నల్ కూడా అంతే తగ్గుతుంది. 1/ఎఫ్ నాయిస్ కరెంట్‌కి అనుపాతంలో ఉంటుంది, ఫోటో కరెంట్ కూడా అంతే. జాన్సన్ నాయిస్ తగిలేదాకా, అంటే మీకు 0.5 మిల్లీ వోల్ట్ దరిదాపుల దాకా నిష్పత్తి మారదు. చానెల్ వేడెక్కకుండా ఉండటమే లాభం.

చాపర్ వేగం పెంచినా దండగే. 0.5 హెర్ట్జ్ దాటాక డాట్ల స్పందన పౌనఃపున్యానికి విలోమంగా పడుతుంది, నాయిస్ దాని వర్గమూలానికే పడుతుంది. వేగం పెంచిన ప్రతిసారీ నష్టం. మీకు అనువైనది 0.5 హెర్ట్జే: రెస్పాన్సివిటీ 500, నాయిస్ 4.6 నానో, డిటెక్టివిటీ 1.1 × 10⁸. ఇంకా కిందకి పోతే స్పందన పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, నాయిస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, పైగా డ్రిఫ్ట్ తగులుకుంటుంది.

నాయిస్ తగ్గాలంటే ఆక్సైడ్‌కీ గ్రాఫీన్‌కీ మధ్య హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ పొర పెట్టండి, ఆక్సైడ్‌లోని ట్రాప్‌లు దూరమవుతాయి. ముందు వేఫర్ మార్చండి, అడుగు పొర లిగాండ్ చూసుకోండి. ఆ రెండూ అయ్యాక 10 పికో వాట్ల దాకా పవర్ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, వాలు చూద్దాం.

#20 పలుచనిపొర

0.002 ఓమ్-సెం.మీ. వేఫర్లు, అమోనియం పర్‌సల్ఫేట్, మొదటి పొర 10 మి.గ్రా. రాసుకున్నాను. గ్రాఫ్ ఇదే దారంలో పెడతాను.